బండికి రోజూ పరీక్ష, మరి మనిషికో?

తాడేపల్లిగూడెం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు.

"డాక్టరు గారికి నమస్కారాలు. మావారు ఫైరింజను డ్రైవరుగా 30 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా బండ్ల పిచ్చి మాత్రం ఆయన్ని వదల్లేదు. ఒక పాత లారీ కొని దొడ్లో పెట్టుకున్నారు. ఆదివారం వచ్చిందంటే ఆయనా, మా అబ్బాయీ, వాడి స్నేహితులూ దాని కిందే ఉంటారు. అన్నానికి పిలిచినా పలకరు. నెల రోజుల క్రితం మావాడు ట్యాంకులోంచి డీజిలు తీయడానికి గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. ఒక గుక్క లోపలికి పోయింది. ఒకటే దగ్గు. నేను కంగారుపడి ఉప్పునీళ్ళు కలిపి తెచ్చి కక్కించబోయాను. మావారు గ్లాసు లాక్కుని పారబోశారు. 'ఏం కాదులే, మా రోజుల్లో ఎంతమంది మింగలేదు!' అన్నారు. ఆసుపత్రికి తీసుకెడదామన్నా వినలేదు. రెండు రోజులు దగ్గి, దానంతట అదే తగ్గింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. తప్పు నాదా, ఆయనదా? మీరే చెప్పాలి."

అమ్మా, తీర్పు అడిగారు కనుక చెబుతున్నాను. ఉప్పునీళ్ళు పారబోయడంలో మీవారిది ఒప్పు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలనుకోవడంలో మీది ఒప్పు. ఇద్దరి మాటా చెరిసగం నెగ్గి ఉంటే బాగుండేది. మీవాడు గట్టెక్కాడు, సంతోషం. కాని అందరూ అలా గట్టెక్కరు. అందుకే మీ ఉత్తరానికి ఈ వారం పేజీ అంతా కేటాయిస్తున్నాను.

కక్కిస్తే ఏమవుతుంది?

మింగరానిది మింగితే వెంటనే కక్కించాలన్నది మన ఇళ్ళలో పాతుకుపోయిన నమ్మకం. డీజిలు, పెట్రోలు, కిరసనాయిలు విషయంలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఇవి పొట్టలో ఉంటే చేసే కీడు కొంచెమే. ఊపిరితిత్తుల్లోకి జారితేనే అసలు ముప్పు. నీళ్ళ మీద ఒక్క నూనెబొట్టు పడితే ఎంత దూరం పరుచుకుంటుందో మీకు తెలుసు. ఊపిరితిత్తుల్లో కూడా అంతే. కొద్దిపాటి చుక్కలు చాలు, గాలితిత్తుల లోపలి పొరను పాడుచేసి వాపు తెప్పిస్తాయి. మింగినప్పుడు ఒకసారి గొంతు దాటిన నూనెను మనం కక్కిస్తే రెండోసారి గొంతు దాకా తెస్తున్నామన్నమాట. ఆ దగ్గులో, ఆ కంగారులో అది తిన్నగా శ్వాసనాళంలోకి దిగుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకం కన్నా ఒక కుర్రవాడు బాగా నేర్పాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైవే పక్కన ఒక చిన్న ఆసుపత్రిలో ఉండేవాణ్ణి. ఒక రాత్రి ఎనిమిది గంటలకి ఒక లారీ క్లీనరును తీసుకొచ్చారు. పంతొమ్మిదేళ్ళుంటాయి. డీజిలు పీలుస్తుంటే లోపలికి పోయిందట. తోటివాళ్ళు మంచి మనసుతోనే ఉప్పునీళ్ళు పట్టించి రెండుసార్లు కక్కించారట. కుర్రవాడు నవ్వుతూ నడిచి వచ్చాడు. కొద్దిగా దగ్గుతున్నాడు. స్టెతస్కోపు పెట్టి చూస్తే ఏమీ వినిపించలేదు. దగ్గుమందు రాసి పంపేశాను. తెల్లవారేసరికి ఆ లారీయే అతన్ని వెనక్కి తెచ్చింది. జ్వరం, ఎగశ్వాస, పెదవులు నీలంగా ఉన్నాయి. ఆక్సిజను పెట్టి పెద్దాసుపత్రికి పంపించాం. పన్నెండు రోజులు అక్కడే ఉన్నాడు. నేను రోజూ ఫోను చేసి కనుక్కుంటూనే ఉన్నాను. బతికాడు. అది నా గొప్ప కాదు. ఆ రాత్రి అతన్ని ఆసుపత్రిలోనే ఉంచవలసింది. ఉంచకపోవడం నా తప్పు.

కనుక గుర్తుపెట్టుకోండి. కక్కించవద్దు. ఉప్పునీళ్ళు, పాలు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు బలవంతంగా పట్టవద్దు. నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. డీజిలు పడిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడగాలి. దగ్గు గాని, ఆయాసం గాని, మత్తు గాని ఉంటే క్షణం ఆగకుండా 108కి ఫోను చేయండి. ఏమీ లేకపోయినా ఆసుపత్రికి వెళ్ళి కనీసం 6 గంటలు డాక్టరు కళ్ళముందు ఉండాలి. బాధలు ఆలస్యంగా బయటపడవచ్చు. ఇంటికి వచ్చాక కూడా ఒకటి రెండు రోజులు జ్వరం, ఆయాసం కనిపెట్టి చూడాలి. మీవాడికి నెల దాటింది గనుక ఇప్పుడు భయం లేదు. దగ్గు మిగిలి ఉంటే మాత్రం ఒక ఎక్స్‌రే తీయించండి.

అసలు నోటితో లాగడం ఎందుకు? చేతితో నొక్కే పంపు ఏ ఆటోమొబైల్ షాపులోనైనా దొరుకుతుంది. అది కొనిపెట్టండి. తీసిన డీజిలును కూల్‌డ్రింకు సీసాలో మాత్రం పోసి ఉంచవద్దు. దాహమేసిన పిల్లవాడికి అందులో ఏముందో తెలియదు.

మీవారికి తెలిసిన వరస

ఫైరింజను ఉండే చోట డ్యూటీ మారగానే బండిని పరీక్ష చేస్తారు. ఇంధనం, రేడియేటరులో నీళ్ళు, బాటరీ, టైర్లలో గాలి, ఇంజను, పంపు, సైరను అన్నీ చూసి పుస్తకంలో రాస్తారు. గంట మోగాక చూసుకుందామంటే కుదరదు కదా! ఈ వరస మీవారికి కంఠతా వచ్చి ఉంటుంది. అదే వరసలో బండి మనిషికి చేసే అపకారాలు కూడా చెబుతాను. ఇంధనం సంగతి అయిపోయింది.

రేడియేటరు: ఇది ప్రెషర్ కుక్కరు లాంటిది. మూత బిగించి ఉన్నప్పుడు లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత విప్పగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. ఆవిరి పోకుండా కుక్కరు మూత తీయవద్దని మీరు కోడలికి చెప్పే మాటే కొడుక్కీ చెప్పండి. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారాకే మూత ముట్టుకోవాలి. కాలితే చల్లని కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచాలి. ఉంగరాలు, వాచీ వెంటనే తీసెయ్యాలి, తర్వాత వాపు వస్తే రావు. సిరా, టూత్‌పేస్టు, కోడిగుడ్డు సొన పూయవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

బాటరీ: అందులో గంధకామ్లం ఉంటుంది. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వాయువు వస్తుంది. బీడీ నిప్పు తగిలినా, స్పానరు రెండు కొనలకూ తగిలి నిప్పురవ్వ లేచినా బాటరీ పేలుతుంది. పని మొదలుపెట్టే ముందు ఉంగరం, చేతి కడియం, గడియారం తీసి పక్కన పెట్టాలి. విద్యుత్తు ఉంగరం గుండా పోతే వేలి చుట్టూ మాడిపోతుంది. ఆసిడు కంట్లో పడితే రెప్పలు తెరిచిపట్టి కనీసం 20 నిమిషాలు నీళ్ళతో కడుగుతూనే ఉండండి, ఆ తర్వాతే ఆసుపత్రికి ప్రయాణం. కంట్లో చనుబాలు పిండడం, ఆముదం వేయడం వద్దు. కడగడం ఆలస్యమైన కొద్దీ చూపు పోతుంది.

టైర్లు: లారీ టైరులో గాలి 100 పౌండ్లు దాటుతుంది. రింగు సరిగా కూర్చోని చక్రానికి గాలి కొడితే ఆ ఇనుప రింగు ఎగిరివచ్చి తల పగలగొడుతుంది. ఇలాంటి దెబ్బలకు ఆసుపత్రిలో మేము చేయగలిగింది చాలా తక్కువ. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు. ఇనుప బోనులో చక్రం పెట్టి గాలి కొట్టే షాపుకే పంపండి. అక్కడ కూడా ఎదురుగా నిలబడవద్దు. జాకీ సంగతి కూడా ఇక్కడే చెబుతున్నాను. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డుకట్టలు వేశాకే బండి కిందికి దూరాలి. ఒంటరిగా ఎవరూ కిందికి వెళ్ళకూడదు.

ఇంజను పొగ: తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపవద్దు. పెట్రోలుతో నడిచే చిన్న పంపులు, జనరేటర్లు మరీ ప్రమాదం. వాటి పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజను కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. తలనొప్పి, వాంతి, తల తిరగడం వస్తే పైత్యం అనుకుని అక్కడే పడుకుంటారు. మళ్ళీ లేవరు. డీజిలు పొగ మాటకొస్తే, అది మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లోనే నిర్ధారించింది. బండిని బయటికి తీసి, ఆరుబయట స్టార్టు చేయండి.

చేతులు: గ్రీజు వదలడానికి పెట్రోలుతో, కిరసనాయిలుతో చేతులు కడగడం అలవాటు. చర్మంలోని జిడ్డంతా పోయి చేతులు పగిలి, గజ్జిలాంటి దురద పట్టుకుంటుంది. కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. ఇంకొక్కటి చాలామందికి తెలియదు. గ్రీజు గన్ను నుంచి గాని, డీజిలు నాజిల్ నుంచి గాని వచ్చే ధార సూదిలా వేలిలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్క మాత్రమే కనిపిస్తుంది. మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం వేలంతా పాకుతుంది. కొన్ని గంటల్లో ఆపరేషను చేయకపోతే వేలు తీసెయ్యవలసి రావచ్చు. "చిన్న పోటేగా" అని ఇంట్లో కూర్చోవద్దు. డాక్టరుకు కూడా ఇది గ్రీజు గన్ను దెబ్బ అని విడిగా చెప్పండి.

ఇక మీవారి సంగతి

అమ్మా, మీరు అబ్బాయి కోసం రాశారు. నా మనసులో మాత్రం మీవారు మెదులుతున్నారు. ఏటా ఏప్రిల్ 14న, 1944లో బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ప్రాణాలిచ్చిన అగ్నిమాపక సిబ్బందిని దేశమంతా తలచుకుంటుంది. మంటల్లో వచ్చే చావు అందరికీ కనిపిస్తుంది. పొగ ఏళ్ళ తరబడి చేసే పని ఎవరికీ కనిపించదు. మంటలార్పే వృత్తి కూడా క్యాన్సరు కలిగించేదేనని ఆ పరిశోధన సంస్థే 2022లో తేల్చింది. ముఖ్యంగా మూత్రాశయంలో వచ్చే క్యాన్సరు. కనుక మీవారికి నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వస్తే "వేడి చేసింది" అని బార్లీ నీళ్ళు తాగించి ఊరుకోవద్దు. ఒక్కసారి వచ్చి తగ్గినా సరే, వెంటనే డాక్టరుకు చూపించండి. తొలి దశలో కనుక్కుంటే నయం చేయవచ్చు.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అందరికీ వస్తుందని కూడా కాదు. కాని రక్తపోటు, షుగరు, చెవుల వినికిడి ఏటా ఒకసారి పరీక్ష చేయించాలి. ఏళ్ళ తరబడి సైరను పక్కన కూర్చున్న చెవులవి. మీరు పిలిచినా పలకడం లేదంటే, అది బండ్ల పిచ్చే కావాలని లేదు. బీడీ, సిగరెట్టు అలవాటుంటే ఈరోజే మానాలి. చక్రం ఎత్తేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టుంటే, చెమటలు పోస్తే గ్యాసు అనుకోకుండా 108కి ఫోను చేయండి.

లారీ మీద మీవారికి ఉన్న ప్రేమను తప్పు పట్టకండి. రిటైరైన మనిషికి చేతినిండా పని, పక్కన కొడుకు, దానికి మించిన మందు నా దగ్గర లేదు. ఒక్క పని చేయండి. ఆయన ఆ బండికి ఒక లాగ్‌బుక్కు రాస్తూనే ఉంటారు. ఆయిలు ఎప్పుడు మార్చారో, గాలి ఎంత కొట్టారో అందులో ఉంటుంది. దాని చివరి పేజీలో ఆయన పేరు రాసి, కింద తేదీ, రక్తపోటు, షుగరు, బరువు అని గీతలు గీయండి. మొదటి గడి ఈ వారంలోనే నింపించండి. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్షలకు డబ్బు తీసుకోరు.

ఆయన కాదంటే నా మాటగా చెప్పండి. పరీక్ష చేయకుండా ఏ బండినీ ఆయన రోడ్డెక్కించి ఉండరు. తన విషయంలో ఆ నియమం ఎందుకు మరిచిపోయారని డాక్టరు గారు అడిగారనండి.