కొబ్బరికాయ ఎవరి నెత్తిన పడుతోంది?

తుపాకి పైకెత్తి పేలుస్తాడు. ఎక్కణ్ణించో కొబ్బరికాయ వచ్చి నెత్తిన పడుతుంది. మా మనవడు సోఫా మీంచి కిందికి దొర్లి మరీ నవ్వుతాడు. ‘మోటు పత్లు’లో ఇన్‌స్పెక్టర్ చింగమ్ అనే పోలీసాయన భాగోతం ఇది. 2012 నుంచి నిక్ ఛానల్లో తిప్పి తిప్పి వేస్తున్నారు, ధర్మపురిలో మేం తిప్పి తిప్పి చూస్తున్నాం. మా ఇంట్లో టీవీ అరవం మాట్లాడుతుంది, మేం తెలుగులో పోట్లాడుకుంటాం. ఈ చుట్టుపక్కల మాలాంటి ఇళ్ళకు కొదవ లేదు.

కొబ్బరికాయకు నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. నెత్తిన కాయ పడితే నవ్వడానికి ఏ భాషా రానక్కర్లేదు. కానీ ఒకరోజు రిమోట్‌తో భాష మార్చి అసలు హిందీలో విన్నాను. విన్నాక, ఆ కాయ పడుతున్నది చింగమ్ నెత్తిన కాదని అర్థమైంది. ఆయన మాట్లాడేది సాగదీసి, నొక్కి పలికిన ‘మద్రాసీ’ హిందీ. ఆ నడక, ఆ విసురు, ఆ గొప్పలు రజనీకాంత్‌ని చూసి దించినవి. రజనీని దించితే తప్పేమిటి, మన వీధుల్లో దించనివాడెవడు అంటారా? ఆగండి, అక్కడికే వస్తున్నాను.

రజనీకాంత్ పూర్వీకుల ఊరు నాచికుప్పం. ఇప్పుడు కృష్ణగిరి జిల్లా అంటున్నారు గానీ, 2004లో జిల్లా చీల్చేదాకా అది మా ధర్మపురి జిల్లాలోని పల్లే. ఆ వంశంలో మనిషి మరాఠీ ఇంట పుట్టి, బెంగుళూరు బస్సులో టిక్కెట్లు కొట్టి, అరవ సినిమాలో సూపర్‌స్టార్ అయి, తెలుగువాడికి సొంతవాడైపోయాడు. మా వైపు మనిషి అంటే అట్లాగే ఉంటాడు. ఇక్కడ అంగడికి పోతే ఉప్పు ఒకడు తెలుగులో అడుగుతాడు, ఇంకొకడు కన్నడంలో, మరొకడు ఉర్దూలో. అంగడాయన అందరికీ చిల్లర సరిగ్గానే ఇస్తాడు. ఇన్ని భాషల నేల నుంచి లేచిన మనిషిని పట్టుకుని, ఒకే ఒక్క వంకర యాసగా నలిపి, ఫుర్‌ఫురీ నగర్ అనే బొమ్మల ఊళ్ళో కాపలాకి పెట్టారు. అదీ నా కోపం.

కార్టూన్లోకి సినిమావాళ్ళని లాగొద్దని నేననను. అంటే మన తాతలే లేచొచ్చి మొట్టికాయ వేస్తారు. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి తెలుసు. తెర మీద రాముడు అడవికి పోతుంటాడు, ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకుంటుంటారు, ఇంతలో జుట్టు పోలిగాడూ బంగారక్కా ఊడిపడతారు. త్రేతాయుగంలోంచి లాక్కొచ్చి మనల్ని మన ఊరి సంతలో నిలబెడతారు. కరణం కక్కుర్తి, కొత్త సినిమా పాట, పక్కవీధి మొగుడూపెళ్ళాల తగువు, అన్నీ ఆ ఇద్దరి నోట్లోనే. కేతిగాడు కూడా తోడైతే పట్టపగ్గాలుండవు. ఇటు మా వైపు తెరుక్కూత్తులో కట్టియక్కారన్ పనీ అదే. దుర్యోధనుడి కొలువులో నిలబడి రేషన్ అంగడి వరుస గురించి మాట్లాడగలడు. బొమ్మల చేత ఊరి కబుర్లు చెప్పించి నవ్వించడం టీవీవాళ్ళు కనిపెట్టిందని ఎవరన్నా అంటే, తోలు ఎండబెట్టి, రంగులద్ది, దీపం వెనక గొంతు చించుకున్న కుటుంబాలన్నిటికీ అది అవమానం.

అయితే పోలిగాడు ఎవర్ని ఆడిపోసుకుంటాడు? ఎదురుగా చాప మీద కూర్చున్నవాణ్ణి. కరణానికి ఒళ్ళు మండితే అక్కడే లేచి అడుగుతాడు, దానికి బంగారక్క ఇంకో చురక అంటిస్తుంది, కరణం పెళ్ళాం కూడా నవ్వేస్తుంది. తిట్టేవాడూ తిట్టించుకునేవాడూ ఒకే దీపం కింద ఉన్నారు. చింగమ్‌ని రాసిన గదిలో నాచికుప్పం నుంచో నల్లగొండ నుంచో వచ్చినవాడొకడు కూర్చుని, ‘అయ్యా, మేం ఇట్లా మాట్లాడం’ అని ఉంటే ఆ యాస అంత సులువుగా కాగితం దాటేదా? దాటేది కాదని నా నమ్మకం.

ఈ జబ్బు పాతది. 1968 సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి. ఆ ఏడు హిందీలో ‘పడోసన్’ వచ్చింది. మెహమూద్ దక్షిణాది సంగీతం మాస్టారు వేషం కట్టి దేశాన్ని నవ్వించాడు. (ఆ కథ తెలుగులో అప్పటికి పదిహేనేళ్ళ ముందే, 1953లో, రేలంగితో ‘పక్కింటి అమ్మాయి’గా వచ్చేసిందని ఎంతమందికి గుర్తు?) అదే 1968లో హాలీవుడ్‌లో ‘ది పార్టీ’ వచ్చింది, పీటర్ సెల్లర్స్ మొహానికి గోధుమరంగు పూసుకుని భారతీయుడి వేషం కట్టాడు. బొంబాయిలో మద్రాసీ, హాలీవుడ్‌లో ఇండియన్. నా లెక్కలో చింగమ్ ఆ సంగీతం మాస్టారి మనవడు. సెల్లర్స్ వేషానికి పుట్టినవాడు అపు. ఈ రెండోది నా ఊహ కాదు, అపుకి గొంతు ఇచ్చిన హ్యాంక్ అజారియానే ఆ సినిమా పేరు చెప్పాడు.

అపు ఎవరో ధర్మపురి పాఠకులకు చెప్పాలి. 1989లో మొదలైన ‘ది సింప్సన్స్’ అనే అమెరికా బొమ్మల హాస్య సీరియల్లో కిరాణా కొట్టు భారతీయుడు. సినిమాల్నీ పాటల్నీ నాయకుల్నీ గుచ్చి ఆడుకోవడంలో ఆ సీరియల్‌కు సాటి లేదు, ఒప్పుకుంటాను. అందులోవాళ్ళు ‘అపు’ అన్న పేరు తెచ్చుకున్నది సత్యజిత్ రాయ్ సినిమాల నుంచి. ఎంత మర్యాద! పేరు రాయ్ గారింటి నుంచి, గొంతు సెల్లర్స్ గారి మేకప్ డబ్బాలోంచి.

దానికి బదులు చెప్పినవాడు మనవాడు. న్యూయార్క్‌లో క్వీన్స్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన హరి కొండబోలు, హాస్యం చెప్పుకుని బతికేవాడు, 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ అని డాక్యుమెంటరీ తీశాడు. చిన్నప్పటి నుంచి ఈ కార్టూన్ అంటే ప్రాణమున్నవాడే, మీ నవ్వు మా అమ్మానాన్నల గొంతు మీద నడిచిపోయిందని లేచి అడిగాడు. మన కరణం లేచి అడిగినట్టే. సీరియల్‌వాళ్ళు ఏం చేశారు? 2018లో ఒక ఎపిసోడ్‌లో లీసా అనే పిల్ల చేత, ఒకప్పుడు మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోతే ఏం చేస్తాం అన్న ధోరణిలో రెండు ముక్కలనిపించి, పక్కనున్న అపు ఫోటో చూపించి చేతులు దులిపేసుకున్నారు. బంగారక్క చురకలో ఉండే ఉప్పూ కారం అందులో లేవు, ఉన్నది పొగరొక్కటే. చివరికి 2020లో అజారియా ఆ గొంతు మానుకున్నాడు, మరుసటి ఏడు క్షమాపణ కూడా చెప్పాడు. అపు తెరకెక్కింది 1990లో. అంటే ఒక గొంతు ఆగడానికి ముప్పై ఏళ్ళు.

మనకి చింగమ్ విషయంలో ఎన్నేళ్ళు కావాలి? అసలు అడిగినవాడెవడు? 2008లో ప్రభుత్వంవారు షిన్‌చాన్ అనే జపాన్ బుడ్డోడి చేష్టలు అసభ్యమని ఆపించారు. పిల్లాడు ప్యాంటు దించితే దేశానికి సిగ్గేసింది. సగం దేశాన్ని ఒక యాసగా దించేస్తే ఎవరికీ ఏమీ వేయలేదు.

షిన్‌చాన్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను, వాడి మీద నాకు మమకారం ఉంది. వాడు ప్రాణంగా చూసుకునే ‘యాక్షన్ కామెన్’ అనే వీరుడు, జపాన్ టీవీలో ముసుగులేసుకుని రాక్షసుల్ని తన్నే వీరులకు పేరడీ. ఆ అసలు వీరుల్ని మా మనవడు చూసింది లేదు, నేనూ చూడలేదు. అయినా నవ్వొస్తుంది. ఎందుకంటే జపానువాడు తన ఇంటి పిచ్చినే తాను వెక్కిరించుకుంటున్నాడు, ఆ పిచ్చి మీద వాడికి ప్రేమ ఉంది. ఆ ప్రేమ భాషలు దాటొచ్చి ధర్మపురిలో కూడా దిగుతుంది.

ఇంకో ముచ్చట. మొన్న టీవీలో సూర్య ‘సింగం’ వస్తోంది. మా మనవడు కాసేపు తీక్షణంగా చూసి, “తాతా, ఈ సూర్య లిటిల్ సింగంని చూసి కాపీ కొట్టినాడు” అని తేల్చేశాడు. నాకు నోట మాట లేదు. తూత్తుకుడి వైపు కథతో 2010లో దర్శకుడు హరి అరవంలో తీసిన సినిమా అది, తెలుగులో ‘యముడు’ అని వచ్చింది. మరుసటి ఏడు రోహిత్ శెట్టి దాన్ని హిందీకి పట్టుకుపోయాడు. 2018లో ఆ హిందీ సింగంలోంచి ఒక పిల్ల పోలీసును చేసి కార్టూన్ ఛానల్లో వదిలారు. వాడు మళ్ళీ అరవం నేర్చుకుని మా ఇంటికొచ్చాడు. మనింట్లో పొదిగిన కోడిపిల్ల పక్కింట పుంజై తిరిగొచ్చి మనల్నే పొడిచినట్టుంది. పిల్లవాడికి పేరడీయే ముందు అందుతోంది, అసలుది దాని కాపీలా కనిపిస్తోంది. రేపు వీడు రజనీ ‘బాషా’ చూసి, ఈయనెవరో చింగమ్‌లా చేస్తున్నాడే అంటే నేనేమని చెప్పను?

ఇంతసేపూ ఉత్తరాదివాణ్ణి తిట్టాను గానీ, అసలు కర్ర మన వీపుకే తగలాలి. ‘ఛోటా భీమ్’ ఎక్కడ తయారవుతుంది? హైదరాబాదులో. గ్రీన్ గోల్డ్ అనే మన ఊరి స్టూడియోలో. 2008 నుంచి దేశంలో పిల్లలందరినీ కట్టి పడేసినవాడు తెలుగు నేల మీద గీసినవాడు. మరి వాడి ఊరు ఢోలక్‌పూర్. లడ్డూలు చేసే లావుపాటి ఆవిడ టున్‌టున్ మౌసి. ఆ పేరు వింటే పాత హిందీ సినిమాల హాస్యనటి టున్‌టున్ గుర్తుకు రాక మానదు. బాగుంది, ఆమెకు దండం. కానీ సూర్యకాంతం ఏమైంది? చేతిలో గరిటె పట్టుకుని, ఎడమ చెయ్యి విసురుతూ ఒక అత్తగారు ఆ ఊళ్ళో తిరిగితే లడ్డూ రుచి తగ్గేదా? లావువాడూ బక్కవాడూ జంటగా నవ్వించాలంటే రేలంగి, రమణారెడ్డి మన పెరట్లోనే ఉన్నారే! అరవంలో గౌండమణి, సెంథిల్ ఉన్నారు, ఒక్క అరటిపండు మీద ఆడిన ఆట తమిళనాడు ఈనాటికీ చెప్పుకుంటుంది. లడ్డూల సంగతి సరేసరి. 1957లో ‘మాయాబజార్’లో భీముడి కొడుకు ముందు లడ్డూలు వాటంతట అవే లేచి నోట్లోకి ఎగిరాయి. రాసిపెట్టినట్టుగా తండ్రి పేరుతో కార్టూన్ వచ్చింది, వాడికీ లడ్డూల పిచ్చే. అయినా నేను చూసిన భాగాల్లో ఆ సినిమా వైపు ఒక్క కన్ను గీటలేదు. మాయాబజార్‌కు సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు మాత్రం అదే 2008లో ఘటోత్కచుడి మీద బొమ్మల సినిమా తీశారు. ఆ పెద్దాయనకు తట్టింది. మిగతావాళ్ళకు తట్టలేదా, తట్టినా అమ్ముడుపోదని వదిలేశారా?

మన చేతులకూ మసి ఉంది. తెలుగు సినిమాలో అరవ యాసను ఎన్నిసార్లు నవ్వులాటకు వాడామో లెక్కేయండి. ‘తెలుగు తేట, కన్నడ కస్తూరి, అరవం అధ్వాన్నం’ అని సామెత కట్టింది మనమే. నేను ఈ వ్యాసమంతా అరవం, అరవం అని రాస్తున్నాను, మా వీధిలో అరవాయన చదివితే మొహం చిట్లిస్తాడని తెలిసీ. అటువాళ్ళూ తక్కువ తినలేదు. బడిలో నన్ను ‘గొల్టి’ అన్నప్పుడు ఆ మాటకు అర్థమేమిటో మా నాన్నను అడిగాను, ఆయన జవాబు చెప్పకుండా అన్నం కలుపుతూ కూర్చున్నాడు. కానీ గొల్టి అన్నవాడు నా బెంచీలోనే కూర్చున్నాడు. వాణ్ణి నేను ఇంకో మాటన్నాను. సాయంత్రానికి ఇద్దరం ఒకే మామిడికాయ కొరుక్కున్నాం. టీవీలో ఉన్నవాణ్ణి ఏమనను? వాడికి నా మాట వినపడదు.

అందుకే కార్టూన్లకు తెలుగులో, తమిళంలో మాటలు రాసే బాబుల్ని బతిమాలుకుంటున్నాను. వంకర యాసలో మాట్లాడే మద్రాసీవాణ్ణి మద్రాసీలకే చూపించి ఏం సాధిస్తారు? ఆ చోటు మీ చేతుల్లో ఉంది. అక్కడ పోలిగాణ్ణి పెట్టండి, కట్టియక్కారన్‌ని పెట్టండి, హొగేనక్కల్‌లో పుట్టి తిప్పేవాడి గొప్పలు పెట్టండి. తాజా హీరో పంచ్ డైలాగు అతికించి పని అయిపోయిందనుకోకండి, అది ఆరు నెలల్లో పులిసిపోతుంది. హైదరాబాదు స్టూడియో పెద్దలకు ఒక్క విన్నపం: నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మీ ఊరి నుంచి ఒక పూట ప్రయాణం. బంగారక్కను అడిగి తెచ్చుకోండి.

మా మనవడికి నేనింకా మాయాబజార్ చూపించలేదు. ఆ తప్పు ఏ ఛానల్‌దీ కాదు, నాదే. ఈ ఆదివారం చూపిస్తాను.