చిట్టా – ఆవర్జా

ఏఎస్ రావు నగర్‌లో రోజూ కూరలు కొనేవారిలో కూడా ఆ రావుగారెవరో తెలియనివారుంటారు. ఆయన అయ్యగారి సాంబశివరావుగారు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థను నెలకొల్పి నడిపినవారు. ఆ సంస్థ 1969లోనే టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసింది. అటువంటి పేట పేరు తలచుకుని, కంప్యూటరు లెక్క ఎలా వ్రాస్తుందో చూద్దాం.

వెనుకటి షావుకార్లు రెండు పుస్తకాలు పెట్టేవారు. వచ్చిన బేరం వచ్చినట్లు చిట్టాలో గిలికేవారు. తీరికవేళ గుమాస్తా దాన్ని ఆవర్జాకు ఎక్కించేవాడు. కంప్యూటరుదీ అదే వరస. మనం వ్రాసింది ముందు మెమొరీలో పడుతుంది. అది చిట్టా. కాస్సేపటికి డిస్కుకు ఎక్కుతుంది. అది ఆవర్జా. చిట్టావ్రాత చురుకే గాని, మధ్యలో కరెంటు పోతే ఎక్కని పద్దులు గాలికి పోతాయి. డేటాబేసుల వంటివి తమ చిట్టా తామే పెట్టుకుని, మీ చిట్టా మాకు వద్దు, నేరుగా ఆవర్జాలోనే వ్రాస్తామంటాయి. లినక్సులో ఈ వెసులుబాటు 2001లో, 2.4.10 కూర్పుతో వచ్చింది.

చిక్కల్లా ఒకే ఖాతాను రెండు విధాలా వ్రాసినప్పుడే. ఒక ఇల్లాలి బాకీ వంద అని చిట్టాలో వున్నది. ఆమె అరవై చెల్లించింది. షావుకారు కొడుకు తిన్నగా ఆవర్జా తెరిచి నలభై అని వేశాడు. రాత్రి గుమాస్తా చిట్టా చూసి, దానిమీద మళ్ళీ వంద అని ఎక్కించాడు. ఇంతలో ఎవరూ దొంగ కారు. అరవై రూపాయలు మాత్రం మాయం!

విరుగుడు వరుసలోనే వున్నది. నేరుగా వ్రాయబోయేముందు ఆ ఖాతా తాలూకు చిట్టా పద్దులను ఆవర్జాకు ఎక్కించాలి. చిట్టాలో వాటిని కొట్టివేయాలి. అప్పుడు వ్రాయాలి. వ్రాశాక, ఆ సందులో ఎవరైనా పాత అంకెను చిట్టాలోకి దించుకున్నారేమో చూసి, అదీ కొట్టివేయాలి. డిస్కు గడుల కొలతకు అమరని తునకను కొన్ని ఫైల్ సిస్టములు చిట్టా దారినే పంపుతాయి. అప్పుడు దాన్ని వెంటనే ఎక్కించి, చిట్టా తుడిచి, ఆ తరువాతే “వ్రాశాను” అని చెప్పాలి. ఇన్ని జాగ్రత్తలున్నా, ఒకే ఫైలుకు రెండు పద్ధతులూ కలపవద్దనే లినక్సు పుస్తకం హితవు చెబుతుంది.

ఇదంతా మనకెందుకంటారా? అమ్మాయి పెళ్ళి ఫోటోలు పెన్‌డ్రైవుకు ఎక్కించి, పని అయినట్లు కనబడగానే లాగేస్తే, కొన్ని ఇంకా చిట్టాలోనే వుండిపోవచ్చు. తీసేముందు “ఎజెక్ట్” నొక్కడమంటే, గుమాస్తాను పిలిచి “అన్నీ ఎక్కించావా నాయనా?” అని అడగడమే. అడిగితే పోయేదేమీ లేదు. అడగకపోతే మాత్రం తాళి కట్టిన ఘడియే పోవచ్చు.