చిన్న జబ్బుకూ చీటీ ఉండాలి



మంథని చుట్టుపక్కల గ్రామాలనుండి సైన్యంలో పనిచేసి వచ్చినవారు మన ఓపీకి వస్తూనే ఉంటారు. బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు వాళ్లే చెబుతారు. ముక్కు సంగతి మాత్రం మనం అడిగితేనే చెబుతారు. తెల్లవారగానే వరుసగా తుమ్ములు, కారే ముక్కు, కళ్ల దురద, రాత్రిపూట నోటితో గాలి పీల్చడం ఇవన్నీ ఉన్నా "సర్దే కదా సిస్టర్" అంటారు. ఎప్పటినుండి అని అడిగితే "సర్వీసులో ఉన్నప్పటినుండే" అంటారు. ఈ మాట ఎంత ముఖ్యమైనదో చాలామందికి తెలియదు. అందుకే ఈసారి దాని గురించి రాస్తున్నాను.

ఈ జబ్బును డాక్టర్లు అలర్జిక్ రైనైటిస్ అంటారు. దుమ్ము, బూజు, పరుపుల్లో ఉండే కంటికి కనిపించని పురుగులు, చెట్ల పుప్పొడి దీనిని రేపుతాయి. మన పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడి కూడా అటువంటిదే. అలర్జీ స్వభావం కొందరికి వంశంలోనే ఉంటుంది. అయితే స్వభావం ఒక్కటే జబ్బు కాదు. దానిని రేపే వస్తువు రోజూ తగిలితేనే జబ్బు పైకి వస్తుంది, తగులుతూనే ఉంటే ముదురుతుంది. పట్టించుకోకపోతే కొందరికి సైనస్ బాధ, కొందరికి ఉబ్బసం తోడవుతాయి.

ఇప్పుడు పింఛను సంగతి చూద్దాం. వైకల్య పింఛను విషయంలో 1961 నాటి ఆర్మీ పెన్షన్ నిబంధనల్లోని 173వ నిబంధన ముఖ్యంగా రెండు సంగతులు చూస్తుంది. జబ్బు సర్వీసు వల్ల వచ్చినదై లేదా సర్వీసు వల్ల ముదిరినదై ఉండాలి. వైకల్యం 20 శాతం లేక అంతకు మించి ఉండాలి. వచ్చినది, ముదిరినది అనే ఈ రెండు మాటలు వేరువేరని గమనించండి. అలర్జీ వంటి జబ్బుకు చాలాసార్లు సరిపోయేది రెండవ మాట.

మెడికల్ బోర్డు కాగితాల్లో మాత్రం ఇటువంటి జబ్బుల దగ్గర "శరీర తత్వం వల్ల వచ్చినది, సర్వీసుతో సంబంధం లేదు" అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం రాసి ముగించడం ఉంది. ఇది సగం జవాబే అని నా అభిప్రాయం. స్వభావం ఇంటినుండి వచ్చి ఉండవచ్చు. మరి ఎడారి ఇసుక, డీజిల్ పొగ, బంకరులోని బూజు, మంచుకొండల చలిగాలి ఎక్కడివి? చేరిన రోజున పరీక్షలో లేని బాధ పోస్టింగు తరువాత మొదలైతే, అది ముదరలేదని చెప్పేవారు అందుకు కారణం కూడా చెప్పాలి.

ఈ మాట సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి 1985లో సిగ్నల్స్ విభాగంలో చేరారు. మూర్ఛ వ్యాధి కారణంగా 20 శాతం వైకల్యంతో 1994లో ఆయనను సర్వీసునుండి పంపివేశారు. జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని బోర్డు రాసింది, పింఛను రాలేదు. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. చేరేటప్పుడు రికార్డులో ఏ జబ్బూ రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా చేరినట్టే భావించాలనీ, రుజువు చేసే భారం సాధారణంగా సైనికునిపై ఉండదనీ, సందేహం ఉంటే దాని లాభం ఆయనకే చెందాలనీ, బోర్డు తన అభిప్రాయానికి కారణాలు రాయాలనీ చెప్పింది. అది మూర్ఛ గురించిన కేసే. అయినా అందులోని న్యాయం ముక్కు జబ్బుకూ వర్తించాలని నేననుకుంటాను.

అమెరికా సైనికులు కూడా దీనికోసం చాలాకాలం పోరాడారు. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో చెత్తను గోతుల్లో వేసి కాల్చిన పొగ పీల్చినవారు వారు. 2022 ఆగస్టు 10న అక్కడ వచ్చిన పాక్ట్ చట్టం దీర్ఘకాలపు రైనైటిస్‌ను కూడా ఆ పొగ వల్ల వచ్చినట్టు భావించే జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ ప్రాంతాల్లో పనిచేసినట్టు రికార్డు ఉంటే, కారణాన్ని సైనికుడు విడిగా రుజువు చేయనక్కర లేదు. అయితే శాతం విషయంలో అక్కడా ఉదారంగా ఏమీ ఇవ్వరు. ముక్కు రెండువైపులా సగానికి మించి మూసుకుపోతే 10 శాతం, ముక్కులో కండ పెరిగితే 30 శాతం.

అందుచేత ఉన్నమాట చెప్పాలి. తుమ్ములు వచ్చే ప్రతివారికీ పింఛను రాదు, రాకూడదు కూడా. ముక్కు అలర్జీ ఒక్కటే 20 శాతానికి చేరడం కష్టం. పదవీ విరమణ తరువాత ఇంటి దుమ్ముతో మొదలైన జబ్బును సర్వీసు ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ ముక్కుతోపాటు ఉబ్బసం ఉన్నవారు, ఈ జబ్బుతో కేటగిరీ తగ్గించబడినవారు, సర్వీసునుండి పంపివేయబడినవారు మాత్రం ఊరుకోవద్దు. వైకల్యం కారణంగా పంపివేసినవారి వైకల్యాన్ని 20 శాతానికి మించినదిగానే భావించాలని 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నా నర్సింగు అనుభవంలో తెలిసినది ఒకటే. అలర్జీ రోజుకొక తీరుగా ఉంటుంది. బోర్డు ముందు నిలబడిన రోజు ముక్కు శుభ్రంగా ఉండవచ్చు. ఆ రోజు మన తరఫున మాట్లాడేది పాత చీటీ ఒక్కటే. మెడికల్ షాపులో రూపాయి మాత్ర కొని మింగితే బాధ తగ్గుతుంది కానీ రికార్డు మిగలదు. కాబట్టి:

సర్వీసులో ఉన్న మీ పిల్లలకు ఫోనులో చెప్పండి. తుమ్ములైనా సరే ఎం.ఐ. రూమ్‌లో చూపించుకొని రాయించుకోవాలి.

విడుదలైనవారు డిశ్చార్జి బుక్కు, బోర్డు కాగితాలు, ఓపీ చీటీలు ఒకేచోట భద్రపరచండి. బోర్డు కాగితాల నకలు లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

తిరస్కరణ ఉత్తరం వస్తే దాని తేదీ చూడండి. మొదటి అప్పీలుకు ఆరు నెలల గడువు. తరువాత రెండవ అప్పీలు, ఆ పైన సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలో ఉంది. ఆలస్యమైనా తలుపు పూర్తిగా మూసుకుపోదు కానీ, 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం బకాయి సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే దొరుకుతుంది.

2023 సెప్టెంబరు 21 తరువాత సర్వీసు విడిచినవారికి కొత్త నిబంధనలు ఉన్నాయి. ఎవరికి ఏవి వర్తిస్తాయో కరీంనగర్‌లోని సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. దళారులకు డబ్బు ఇవ్వకండి.

పింఛను వచ్చినా రాకపోయినా చికిత్స ఆపవద్దు. డాక్టరు రాసిన ముక్కు స్ప్రే క్రమంగా వాడితేనే పనిచేస్తుంది. షాపులో దొరికే, ముక్కు వెంటనే తెరిచే చుక్కలను ఐదు రోజులకు మించి వాడితే ముక్కు మరింత మూసుకుపోతుంది. దుప్పట్లు వారానికొకసారి వేడినీళ్లలో ఉతకండి. వయ్యారిభామ పూతకు రాకముందే పీకివేయండి. పీకేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి. ఆయాసం, పిల్లికూతలు ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి.

న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికీ వెళ్లిన విధవరాలి ఉపమానం లూకా సువార్తలో మనమందరం చదివినదే. ఆమె దయ అడగలేదు, న్యాయం అడిగింది, విసుగక అడిగింది. మన మాజీ సైనికులు, వారి భార్యలు కూడా సిగ్గుపడకుండా, అబద్ధం కలపకుండా, కాగితం చేతపట్టుకొని అలాగే అడగాలని నా కోరిక. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్