మెడల్ రోల్‌లో మన తాత ఎందుకు లేడు?

“మీవాళ్లు యుద్ధాలకు పోయిన్రంటరు గదా, ఒక్క రికార్డు చూపెట్టున్రి” అని అడిగేవాళ్లు మనకు ప్రతిచోటా తగులుతారు. స్టాఫ్‌రూంలో తగులుతారు, పెన్షన్ కాగితాలు పట్టుకుని పోయిన ఆఫీసులో తగులుతారు, ఆగస్టు 15న జెండా కింద ఉపన్యాసం చెప్పి దిగినవాళ్లలోనూ తగులుతారు. వాళ్లందరూ చెడ్డవాళ్లని నేననను. కాగితం మీద లేనిది లోకంలో జరగలేదని నేర్పిన చదువు వాళ్లది. ఆ చదువే చదివి, ఆ చదువే పిల్లలకు చెప్పి జీతం తీసుకుంటున్నాం కనుక జవాబు వెతకాల్సింది మనమే.

మన పోరగాళ్లు కొందరు తొందరపడి వేరే జవాబు ఇస్తున్నారు. ఎక్కడిదో పాత సిపాయి ఫొటో తీసుకుని, కింద తాత పేరు పెట్టి ఫోన్లలో తిప్పుతున్నారు. మనల్ని కొట్టేవాడికి మనమే కర్ర అందిస్తున్నాం. ఒక్క దొంగ ఫొటో దొరికితే చాలు, దాన్ని చూపించి వంద నిజాలు కొట్టిపారేస్తాడు. ఉన్న రికార్డును సరిగ్గా చదివితే మనం ఎక్కడ ఉన్నామో, ఎక్కడ లేమో, ఎందుకు లేమో తెలుస్తుంది. మనకు కావలసిన వాదం మొత్తం అందులోనే ఉంది.

మెడల్ రోల్ అంటే యుద్ధం అయిపోయాక ఎవరెవరికి పతకం ఇవ్వాలో పటాలం గుమాస్తా రాసి పైకి పంపిన జాబితా. నంబరు, హోదా, పేరు, పటాలం, అంతే. లండన్ దగ్గర క్యూ అనే చోట బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఇవి కట్టలకు కట్టలు ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మెడల్ కార్డులను కంప్యూటర్లోనూ వెతకవచ్చు. కానీ ఆ జాబితాలోకి ఎక్కాలంటే ముందు పటాలంలోకి ఎక్కాలి. ఎవరిని ఎక్కించుకోవాలో తెల్లదొర ముందే తేల్చిపెట్టుకున్నాడు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాది మనుషులు యుద్ధానికి పనికిరారని తీర్మానించాడు. ‘యుద్ధ జాతులు’ అనే మాట చట్టంలాగా నడిచింది. అంతకు నూరేళ్ల ముందు బెంగాల్ వైపు సిపాయిని ‘తిలంగా’ అనే పిలిచేవారు, కంపెనీ తొలి సిపాయిల్లో తెలుగువాళ్లు అంతమంది ఉండేవారు. అవసరం ఉన్నన్నాళ్లు శూరుడు, తీరినాక పిరికివాడు.

వెతికేవాళ్లు మొట్టమొదట పడే గుంత ఒకటుంది. జాబితాలో ‘హైదరాబాద్ రెజిమెంట్’ అని కనబడగానే మనవాళ్లదే అనుకుని సంబరపడతారు. 19వ హైదరాబాద్ రెజిమెంటుకు నిజాం ఖర్చుతో పెంచిన హైదరాబాద్ కంటింజెంటు నుంచి పేరు వచ్చింది గానీ, అందులో చేర్చుకున్నది ఎక్కువగా కుమావూనీలను, జాట్లను, అహీర్లను. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంటుగా మారిపోయింది. పేరు మనది, రోల్ వాళ్లది. నిజాం సొంత సైన్యం వేరు. 1941 డిసెంబరులో మలయాలోని కోటా బారు విమానాశ్రయం కావలి కాసిన 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ ఆ సొంత సైన్యంలోది. మొదటి యుద్ధంలో పాలస్తీనా దాకా పోయిన హైదరాబాద్ లాన్సర్లు కూడా అంతే. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాల్లో ఒకటి ఈ లాన్సర్లదే. గుర్రం ఎక్కినవాడికి విగ్రహం దక్కింది. గుర్రాన్ని తోమినవాడు, గడ్డి కోసి మోసినవాడు కూడా ఆ పటాలం వెంట నడిచినవాళ్లే.

ఈ మోసినవాళ్ల సంగతే మనది. 1791, 92 సంవత్సరాల్లో కారన్‌వాలిస్ సైన్యం టిప్పు మీద శ్రీరంగపట్నం దండెత్తినప్పుడు దానికి ధాన్యం చేరవేసింది ఎద్దుల మీద గోనెలు కట్టుకుని నడిచిన బంజారాలు. ఆ గింజ లేకపోతే సైన్యం దారిలోనే ఎండిపోయేది. యుద్ధం అయ్యాక కంపెనీ సిపాయిలకు వెండి పతకాలు చేయించింది. బంజారాకు ఏం దక్కింది? కొన్ని తరాలకు లంబాడీలను, సుగాలీలను ‘నేరస్థ తెగల’ చట్టం కింద రిజిస్టరులో ఎక్కించారు. 1871లో మొదలైన ఆ చట్టం 1952 దాకా పోలేదు. మా పేర్లు ఎవరూ రాయలేదని మన లంబాడీ సోదరులు అనడానికి లేదు. రాశారు, పోలీసు స్టేషన్లో రాశారు.

మొదటి యుద్ధంలో ఫ్రాన్స్‌కు దాదాపు 50 వేల మందిని కూలి దళాలుగా తీసుకుపోయారు. వాళ్లలో సంతాలులు, ముండాలు, ఒరావులు, నాగాలు, ఖాసీలు ఉన్నారు. తిరిగొచ్చిన కూలి దళాలకు ఇచ్చిన పతకం కంచుది. అదే పతకం సిపాయికిస్తే వెండిది. చలిలో రోడ్డు వేసినవాడికి, బాంబు పడే చోట మూట మోసినవాడికి లోహంలోనే కులం చూపించారు. అందరూ ఇష్టపడి పోయారనుకోవద్దు. 1917లో మయూర్‌భంజ్ సంతాలులు ఈ కూలి భర్తీ మీద తిరగబడ్డారు, అదే ఏడు మణిపూర్ కొండల్లో కుకీలు తిరగబడ్డారు. రోల్‌లో ‘సేవ’ అని ఉన్న ప్రతిచోటా ఆ మాట ఎవరు రాశారో అడగండి.

చనిపోయినవాళ్ల సంగతి ఇంకా ఘోరం. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికులకు పేర్లు చెక్కారు, భారత సిపాయిలకు అంకె చెక్కారు. నూరేళ్ల తర్వాత, 2021లో, ఆ స్మారకాలను చూసుకునే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషనే తప్పు ఒప్పుకుంది. కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది వరకు, పేరు పెట్టి స్మారకం లేదనీ, కొందరికి ఏ గుర్తూ లేదనీ తన నివేదికలో రాసింది. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా ఖండం వాళ్లు. రికార్డు ఉంచాల్సినవాళ్లే ఉంచలేదని సంతకం పెట్టి చెబుతుంటే, మన తాత రికార్డు మనల్ని అడగడం ఏం న్యాయం?

అయినా దొరికేవి దొరుకుతాయి. నా తరగతిలో ఒక తండా పిల్లవాడు చెప్పిన మాట పట్టుకుని వాళ్లింటికి పోతే, నాయనమ్మ పాత రూపాయి బిళ్లల దండలో ఒక పెద్ద బిళ్ల కనిపించింది. నిజాం కాలం నాణెం అని వాళ్ల నమ్మకం. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు తల, రెండోవైపు రెండు తలల మృగాన్ని తొక్కుతున్న సింహం. అది రెండో ప్రపంచ యుద్ధం వార్ మెడల్. రాజు బొమ్మ అందరికీ ఒకటే కనుక దానితో పని లేదు. నేను చూసింది అంచు. అంచు చుట్టూ నంబరు, పేరు, పయనీర్ దళం గుర్తు అచ్చొత్తి ఉన్నాయి. పేరు ఇక్కడ రాయను, అది ఆ ఇంటి సొత్తు. ముసలాయన బర్మా వైపు రోడ్డు కొట్టడానికి పోయొచ్చానని చెప్పేవాడట, తాగి చెబుతున్నాడని ఇంట్లోవాళ్లే నవ్వేవారట. చాలా ఏళ్ల కింద ఆ కుటుంబం ఒక ఆఫీసుకు పోతే ఉట్టి పేరుతో ఏమీ తేలదు పొమ్మన్నారు. తేల్చే నంబరు అప్పుడు కూడా ఆమె మెడలోనే ఉంది.

ఇది ప్రతి టీచరుకూ తెలియాలి. రెండో యుద్ధంలో బ్రిటన్ తన సైనికులకిచ్చిన పతకాల మీద పేరు వేయలేదు, భారత సైనికులకిచ్చినవాటి మీద వేశారు. గుండ్రటి పతకమైతే అంచు చూడండి, నక్షత్రం ఆకారమైతే వెనుకవైపు చూడండి. వెనుక భారతదేశం పటం ఉంటే అది ఇండియా సర్వీస్ మెడల్, దేశం లోపలే పనిచేసినవాళ్లకు ఇచ్చింది. బర్మా స్టార్ అయితే ఆ యుద్ధరంగానికి పోయినట్టు. ఆర్‌.ఐ.ఎ.ఎస్‌.సి. అని ఉంటే సరుకులు, రవాణా చూసిన దళం. నంబరు, దళం చేతికొస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆ దళం రికార్డు ఆఫీసుకు రాయవచ్చు. వారసులం అని చూపించే కాగితాలు జతచేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది.

పేరు వెతకడంలో తిప్పలు మనకు ఎక్కువ. గుమాస్తా మన ఇంటిపేరు పట్టించుకోలేదు. సోలం, ఈసం, కుర్సం ఎగిరిపోయి ‘సోమయ్య’ మిగులుతుంది. గుగులోతు, బానోతు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా పడతాయి. జిల్లా పేరు కూడా మోసం చేస్తుంది. 1953కు ముందు కాగితాల్లో జనగామ తాలూకా కోసం నల్లగొండ జిల్లాలో చూడాలి. భూపాలపల్లిలో ఇప్పుడున్న మహాదేవపూర్, కాటారం వైపు ఊళ్లు 2016 దాకా కరీంనగర్‌వి. నిజాం ప్రభుత్వ కాగితాలైతే ఉర్దూలో, ఫస్లీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే ఇంచుమించు మన లెక్క వస్తుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోయేముందు ఉర్దూ తెలిసిన పెద్దమనిషినొకరిని బతిమాలుకోండి. మన ఊళ్లలో రిటైరైన ఉర్దూ సార్లు ఇంకా ఉన్నారు, గౌరవంగా అడిగితే కాదనరు.

ఇక సైన్యంలో ఉన్నవాళ్ల మాట పక్కన పెడితే, సైన్యానికి ఎదురు నిలబడ్డవాళ్ల సంగతేమిటి? మన పెద్దల్లో ఆ బాపతు వాళ్లు చాలామంది. 1857 తిరుగుబాటును అణచడానికి మధ్యభారతం పోయిన హైదరాబాద్ కంటింజెంటు సిపాయిలకు ‘సెంట్రల్ ఇండియా’ అనే పట్టీతో పతకాలొచ్చాయి, వాళ్ల రోల్ భద్రంగా ఉంది. ఆ తర్వాత కొద్దికాలానికే నిర్మల్‌లో రాంజీ గోండుతో పాటు ఉరికెక్కినవాళ్లకు మిగిలింది ‘వెయ్యి ఉరుల మర్రి’ అనే పేరు. చెట్టు పేరు తెలుసు, మనుషుల పేర్లు తెలియవు. 1922 సెప్టెంబరులో దామనపల్లి దగ్గర మన్యం వీరుల చేతిలో చనిపోయిన ఇద్దరు దొరలు, స్కాట్ కవార్డ్, హైటర్, నర్సీపట్నంలో సమాధుల్లో ఉన్నారు. ఆ పోరాటంలో నేలకొరిగిన కొండవాళ్లెందరికి సమాధి రాయి ఉంది?

మన దగ్గరికే వద్దాం. 1948 సెప్టెంబరు 13న సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చింది, అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. బడిపుస్తకం అక్కడితో ఆగుతుంది. సైన్యం అక్కడితో ఆగలేదు. 1951 దాకా దళాల కోసం అడవులు గాలించింది, దళాలకు తిండి పెడుతున్నారని కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలింది. మా పెద్దలు దాన్ని ‘మిలిటరీ వచ్చిన యేడు’ అంటారు. జనగామ వైపు ధర్మాపురం తండాలో భూమి కోసం నిలబడి ప్రాణమిచ్చిన జాటోతు ఠాను నాయక్ పేరు తండా గుర్తుపెట్టుకుంది కాబట్టి నిలిచింది. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ వచ్చినప్పుడు అడిగినవి జైలు సర్టిఫికెట్లు, కోర్టు వారెంట్లు. ఆరు నెలల జైలు నిబంధనను మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలకు తగ్గించారు, మంచిదే. కానీ శిబిరం కంచె లోపల గడిపిన నెలలకు జైలరు సంతకం ఎవరు పెడతారు? అజ్ఞాతంలో ఉన్న కొడుకుకు జొన్నరొట్టె మోసిన తల్లి పేరున వారెంటు ఎక్కడినుంచి వస్తుంది?

మాకు రికార్డే లేదనడం మాత్రం ఒప్పుకోను. కోయలకు పడిగె ఉంది. ఆ గుడ్డ పట్టుకుని డోలీ చెప్పే కథలో గట్టు, గోత్రం, ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చారో, ఎవరితో కొట్లాడారో అంతా ఉంటుంది. కాకతీయ సైన్యంతో తలపడ్డ సమ్మక్క, జంపన్నలను ఏ మెడల్ రోల్ చూసి లక్షల మంది నమ్ముతున్నారు? పడిగె కథను కూడా రోల్‌ను చదివినంత జాగ్రత్తగా చదవాలి, ఎవరు చెప్పారు, ఎవరిని వదిలేశారు అని అడగాలి. డోలీ దగ్గర కూర్చుని రాసుకునే టీచర్లు మన మూడు జిల్లాల్లో ఎంతమంది? డోలీలు ముసలివాళ్లైపోతున్నారు.

కాబట్టి ప్రతి గూడెం బడిలో, తండా బడిలో ఒక రిజిస్టరు పెట్టమని అడుగుతున్నాను. ఎవరి ఆర్డరూ అక్కర్లేదు, రెండు వందల పేజీల నోటుబుక్ చాలు. ఇంటిపేరు, గట్టు లేక గోత్రం, పోయినవాడి పేరు పెద్దలు పలికినట్టుగా, ఎటు పోయాడని చెబుతారో, చెప్పినవాళ్ల పేరు, వయసు, తేదీ. పటాలంలో పోయినవాళ్లకూ, వెట్టికి మూటలు మోసినవాళ్లకూ, శిబిరంలో ఉన్నవాళ్లకూ, దళంలో పోయినవాళ్లకూ ఒకటే రిజిస్టరు. విన్నది విన్నట్టు ఒక గడిలో, కాగితం మీద చూసింది ఇంకో గడిలో రాయండి, రెండూ కలపవద్దు. పతకం ఉంటే రెండువైపులా, అంచు చుట్టూ ఫొటో తీసి అంటించండి. పాత సామాను కొనేవాళ్లు ఊళ్లమీద తిరుగుతున్నారు, వంద రూపాయలిచ్చి పట్టుకుపోతారు, ఇంటివాళ్లకు ముందే చెప్పిపెట్టండి. ఫొటో బాగా రావాలని చింతపండుతోనో బ్రాసోతోనో తోమకండి, అంచు మీద అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి బట్టతో తుడిచి, పొద్దున్నే ఏటవాలు ఎండలో పెట్టి తీస్తే నంబరు స్పష్టంగా కనిపిస్తుంది.