శిలాఫలకాల చరిత్రా? రాళ్లు కొట్టినవారి చరిత్రా?

ఇటీవల బేతంచెర్లలో జరిగిన ఒక సభలో ఒక విశ్వవిద్యాలయపు ఆర్కైవిస్టు "విద్యాలయ చరిత్ర – స్థానిక వారసత్వం" అనే విషయం మీద ప్రసంగించారు. గంటన్నరసేపు తెరమీద బొమ్మలు చూపించారు. శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు, వైస్ ఛాన్సలర్ల పటాలు, పూలదండలు. చివర పది నిమిషాలు మాత్రం ఒక కోట, ఒక గుడి, ఒక గుహ. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టానా అని ఇంటికి వచ్చిన తరవాత ఆలోచించుకున్నాను. ఆ ఆలోచన ఫలితమే యీ వ్యాసం.

ఆ పెద్దమనిషి మీద నాకు వ్యక్తిగత ద్వేషమేమీ లేదు. పాత కాగితాన్ని చెదల నోటినుంచి తప్పించే మనిషి ఎవరైనా నాకు గౌరవనీయుడే. నా పేచీ ఆయన వృత్తితో కాదు, ఆయన దృష్టితో. ఆ దృష్టికి చరిత్ర అంటే దానాల పట్టిక. పైన యిచ్చేవాళ్లు, కింద పుచ్చుకునేవాళ్లు. కింది వాళ్లకు మిగిలిన పని కృతజ్ఞత చెప్పుకోవడమే. ఈ దృష్టి అబద్ధమని నా వాదం.

మొదట విద్యాలయాల సంగతే చూద్దాం. రాయలసీమకు విశ్వవిద్యాలయాన్ని ఎవరైనా దానం చేశారా? 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. అది ఎక్కడ వుండాలన్న తగాదా సర్కారు జిల్లాలకూ దత్తమండలానికీ మధ్య అనుమానాలను పెంచింది. 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినప్పుడు, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని కాగితం మీద రాసుకోవలసి వచ్చింది. అడగకుండానే యిచ్చేదయితే ఒడంబడిక దేనికి? 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం వచ్చింది. కచేరీలు డేరాల్లో నడిచాయి. 1954లో తిరుపతికి విశ్వవిద్యాలయం దక్కింది. అనంతపురానికి స్నాతకోత్తర కేంద్రం 1968లో గాని రాలేదు. అది విశ్వవిద్యాలయం కావడానికి 1981 దాకా ఆగవలసి వచ్చింది. కడపకు 2006, కర్నూలుకు 2008.

ఒడంబడిక కాగితానికీ అనంతపురపు స్నాతకోత్తర కేంద్రానికీ మధ్య 31 యేండ్లు గడిచాయి. ఆ కాలంలో అర్జీలు పెట్టినవాళ్లు, సభలు జరిపినవాళ్లు, కొడుకును దూరప్రాంతం పంపే తాహతు లేక చదువు మాన్పించిన మెట్ట రైతు – వీళ్లను తీసేస్తే విద్యాలయ చరిత్రలో మిగిలేదేమిటి? ఒక కత్తెర, ఒక రిబ్బను. శిలాఫలకం మీద చెక్కేది పోరాటపు చివరి రోజును మాత్రమే. దాన్నే మొత్తం చరిత్ర అని చూపడం పంట కథను గాదె దగ్గర మొదలుపెట్టడం వంటిది.

ఇక స్థానిక వారసత్వం. ఉపన్యాసకులు చూపిన గుహ బేతంచెర్లకు దగ్గరలోని బిలస్వర్గం. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అక్కడి ఎముకల గురించి ప్రకటించాడు. సుమారు 40 యేండ్ల తరవాత ఇంగ్లండునుంచి హక్స్‌లీ పండితుడు మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు యిక్కడి గుహలను వెదికించమని సూచించాడు. రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆ తరవాత ఆయన కొడుకు హెన్రీ ఫుట్ 1883–85 ప్రాంతంలో తవ్వించారు. ఈ సీమలో యిప్పుడు మచ్చుకైనా కనిపించని ఖడ్గమృగం వంటి జంతువుల ఎముకలు బయటపడ్డాయి. గుహలకు కొత్త పేర్లు పడ్డాయి: కెథీడ్రల్, చాప్టర్ హౌస్, పర్గెటరీ, చార్నెల్ హౌస్. మనవాళ్లు స్వర్గమన్న చోటును దొరవారు పాపులు శుద్ధిపొందే లోకం చేశారు!

ఫుట్‌ను నేను తక్కువ చేయడం లేదు. 1863లో పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తుపట్టిన శాస్త్రజ్ఞుడు ఆయన. ఆయన చూపు లేకుంటే ఎముక ఎముకగానే పడివుండేది. కాని గుహలోని మట్టిని ఆయన ఒక్కడే తవ్వి మోయలేదు. ఆ పలుగు పట్టిన చేతుల జాడ గుహల పేర్లలో లేదు, మొన్నటి ఉపన్యాసంలోనూ లేదు. బనగానపల్లె వైపు జ్వాలాపురం సంగతీ యిట్లాంటిదే. సుమారు 74,000 యేండ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం కక్కిన బూడిద అక్కడ పొరగా నిలిచింది. దానికి కిందా పైనా రాతి పనిముట్లు వున్నాయని 2007లో పరిశోధకులు ప్రకటిస్తే ప్రపంచం చెవులు రిక్కించింది. ఆ బూడిదనే ఊరివాళ్లు కూలికి తవ్వేవారు. శాస్త్రజ్ఞుని చూపుకు ముందు అక్కడ కూలివాని పార వుంది. రెండూ చరిత్రే.

కాగితాల్లోనూ యిదే పక్షపాతం. కాలిన్ మెకంజీ దత్తమండలంలో సేకరింపజేసిన కైఫియతులు మనకు అమూల్యమైనవి. ఊరు ఎట్లా పుట్టింది, చెరువు ఎవరు కట్టించారు, మాన్యం ఎవరికి దక్కింది, ఏ పాళెగాడు ఎప్పుడు దండెత్తాడు – అన్నీ వాటిలో వున్నాయి. అయితే ఆ కలం కరణానిది. చెరువు కట్టించినవాని పేరు రాశాడు. తట్ట మోసినవాని పేరు రాయలేదు. కైఫియతును పారేయమని నేననను. రాసినవాని ఇంటిపేరు గుర్తుంచుకుని చదవమంటాను.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. "పల్లెల్లో కాగితం నిలవదు. వాన, చెద, అశ్రద్ధ. అందుచేత పట్నానికి చేర్చడమే క్షేమం." ఇందులో కొంత నిజం వుంది, కాదనను. కాని కడపలో ఏం జరిగింది? సి.పి. బ్రౌన్ బంగళా మొండిగోడలుగా మిగిలితే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి వంటివారు ఊరూరా తిరిగి పుస్తకాలూ విరాళాలూ పోగుచేసి అక్కడ గ్రంథాలయాన్ని నిలబెట్టారు. అది తరవాత యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగమయింది. కడప జిల్లా కైఫియతులు సంపుటాలుగా అచ్చయి మామూలు పాఠకుని చేతికి వచ్చాయి. స్థానికులకు చేతకాదన్న వాదానికి అదే జవాబు. మూలప్రతి భద్రమైన చోట వుండనీయండి. నకలు మాత్రం ఊరికి రావాలి. ఊరిని గురించిన కాగితం చూడటానికి ఊరివాడు రైలెక్కి, సిఫారసు చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడవలసిన పరిస్థితి పోవాలి.

ఇదంతా పండితుల ముచ్చట కాదు. బేతంచెర్ల అనగానే జనానికి గుర్తొచ్చేది నాపరాయి. ఇక్కడి బండలు ఎన్ని ఊళ్లలో ఎన్ని ఇండ్లకు నేలయినాయో! మా విశ్వవిద్యాలయాల వరండాల్లో పరిచినవీ యిటువంటి బండలే. మరి ఆ బండ తీసినవాని కాగితం ఏ దఫ్తరంలో వుంది? కూలి చీటీ, హాజరు పుస్తకం, సంఘం కరపత్రం, సమ్మె నోటీసు – వీటిని ఎవరు దాస్తున్నారు? గనిలో చేయి నలిగినవాడు ఫలానా యజమాని కింద పనిచేశానని రుజువు చూపలేకపోతే నష్టపరిహారం మాట ఎక్కడిది? కలిగినవానికి దస్తావేజు వుంది. లేనివానికి జ్ఞాపకమే వుంది. కోర్టులో జ్ఞాపకం కంటే దస్తావేజుకు విలువ ఎక్కువ. ఆర్కైవిస్టు ఏది దాచాలో ఏది వదలాలో నిర్ణయించేటప్పుడు, తెలిసో తెలియకో, యీ వ్యాజ్యంలో ఒక పక్షం వహిస్తున్నాడు.

మనమూ నిర్దోషులం కాము. నేను తెలుగు చెప్పే ఉపన్యాసకుణ్ణి. భువనవిజయాన్ని కళ్లకు కట్టేటట్టు వర్ణిస్తాను. పది మైళ్లలోని గుహను గురించి నా విద్యార్థులకు ఒక్క గంట చెప్పలేదు. కూలీలెవరని శ్రీశ్రీ అడిగిన ప్రశ్నను వేదికలెక్కి వల్లించడంలో మనకు సాటి లేరు. మన ఊరి కూలీలెవరని అడిగి రాసుకున్నవాళ్లం ఎందరం? అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టింది. మన శాఖల మినిట్సు పుస్తకాలు ఎవరి అటకమీద వున్నాయో మనలో ఎంతమంది చెప్పగలరు?

కాబట్టి ఆర్కైవిస్టు మహాశయులకు నా విన్నపం యిది. ఈసారి బేతంచెర్లకు వచ్చేటప్పుడు బొమ్మల తెర తేకపోయినా ఫరవాలేదు. మా ఊళ్ల కైఫియతుల నకళ్లు తెండి; మా గ్రంథాలయంలో పెట్టండి. వేదిక దిగి గనుల దగ్గరకు రండి. ముసలి పనివాడు చెప్పేది రాసుకోండి, పేరుతో సహా రాసుకోండి. వెంట నేనూ వస్తాను, నా విద్యార్థులను తెస్తాను. అప్పుడు కొట్టే చప్పట్లకు తరవాత సిగ్గుపడవలసిన అవసరం వుండదు.