ఇరుసుకూ పాఠభేదాలుంటాయి



పాత అంబాసిడరు వెనుక ఇరుసు మూలుగుతున్నదంటే, "మొత్తం తీసేసి వేరే బండి ఇరుసు వేయించండి" అని సలహా ఇచ్చేవారే నేడు ఎక్కువ. దీనితో నేను ఏకీభవించలేను. చెడినదేదో గుర్తించకుండా సర్వమూ మార్చడం వైద్యం అనిపించుకోదు. తెలుగు పండితునికి ఇరుసుతో ఏమి పని అంటారా? నా ఇంట అటువంటి కారు ఉన్నది. పైగా భాగాన్ని గుర్తించడమూ, పాఠాన్ని పరిష్కరించడమూ ఒకే జాతి పనులు.

మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాతో 1957లో మొదలైన ఈ కారు, 2014 మే నెలలో ఉత్తరపాడా కర్మాగారం ఆగేవరకు ఒకే పేరుతో వచ్చింది. లోపల మాత్రం మార్పులు జరుగుతూనే ఉన్నాయి. తొలుత 1476 సీసీ సైడ్ వాల్వు ఇంజను, 1959 నుండి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను, ఆపై డీజిలు, 1990లలో ఇసుజు. కనుక దుకాణానికి వెళ్ళి "అంబాసిడరు క్రౌను పినియను ఇవ్వండి" అనడం, గ్రంథాలయానికి వెళ్ళి "భారతం ఇవ్వండి" అనడం వంటిది. ఎవరి భారతం? ఏ పర్వం?

రెండవది, రోగ నిర్ధారణ. బండి కదలగానే 'టక్కు'మంటే అది క్రౌను దోషమే కానక్కరలేదు. ప్రొపెల్లరు షాఫ్టు జాయింటు అరిగినా ఆ చప్పుడే వస్తుంది. వెనుక చక్రం దగ్గర నూనె కారితే సీలు కొనడానికి ముందు ఇరుసు పైనున్న గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయిందేమో చూడాలి. లోపలి గాలి వేడెక్కి, బయటకు దారి లేక, నూనెను సీలు మీదుగా నెడుతుంది. ఆ నూనె బ్రేకు లైనింగుకు అంటితే బండి ఆగదు. ఇది ప్రాణాలతో ముడిపడిన సంగతి.

మూడవది, పళ్ళ లెక్క. ఇరుసు విప్పకుండానే దీనిని తెలుసుకోవచ్చు. సమతలం మీద ముందు చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రలులో ఉంచి, హ్యాండు బ్రేకు వదలి, ఒక్క వెనుక చక్రాన్నే జాకీతో లేపి, కింద స్టాండు ఉంచాలి. లేపిన చక్రాన్ని 20 చుట్లు తిప్పితే, రెండవది కదలదు కనుక క్రౌను 10 చుట్లే తిరుగుతుంది. షాఫ్టు మీద సుద్దగీత గీసి దాని చుట్లు లెక్కపెట్టండి. 43 వస్తే అది 10-43 పళ్ళ జత. 45న్నర వస్తే 9-41 జత. ఏ దుకాణదారు మాటకన్నా ఈ సుద్దగీత మాట నమ్మదగినది.

క్రౌను, పినియను ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టి తయారుచేసిన దంపతులు. రెండింటి మీదా ఒకే జత సంఖ్య చెక్కి ఉంటుంది. ఆ మధ్య ఒక వ్యాపారి ఒక జత పినియనును, మరొక జత క్రౌనును కలిపి "కొత్తవే మాష్టారూ, ఏమీ కాదు" అంటూ నాకు అంటగట్టబోయాడు. సంఖ్యలు చూపి తిరిగి ఇచ్చేశాను. రెండు ప్రతుల నుండి చెరి సగం తెచ్చి అతికితే ఛందస్సు కుదురుతుందా? కొద్ది కాలానికే ఊళ పెడుతుంది.

బేరింగులకు ఈ బెడద లేదు. అంచున చెక్కిన సంఖ్యను గానీ, లోపలి వ్యాసం, వెలుపలి వ్యాసం, మందం కొలతలను గానీ చెబితే బేరింగుల దుకాణంలో వెదకి ఇస్తారు. కారు పేరే చెప్పనక్కరలేదు. తక్కిన వాటికి విజయవాడ ఆటోనగరు, చెన్నై పుదుపేట, కలకత్తా మల్లిక్ బజారు, ఢిల్లీ కశ్మీరీ గేటు ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా పాత భాగాన్ని చేతిలో పట్టుకొని వెళ్ళడం ఉత్తమం. ఇంగ్లండులో ఎంజీ కార్ల ఇరుసు భాగాలు నేటికీ దొరుకుతాయి. అవి దాయాదులే గానీ కవలలు కావు. కొలవకుండా తెప్పించుకోరాదు.

రోజూ కూలికి తిరిగే బండికి వేరే ఇరుసు వేయడం తప్పా అని అడగవచ్చు. పొట్టకూటి బండిని నేను ఆక్షేపించను. అయితే పళ్ళ నిష్పత్తి మారితే, గేరుపెట్టె నుండి నడిచే స్పీడోమీటరు అబద్ధమాడుతుంది. కమాన్లు కూర్చునే చోటు, షాఫ్టు పొడవు, బ్రేకు డ్రమ్ములు అన్నీ మళ్ళీ సరిచూడాలి. అంతా కలిపితే అది చవక బేరమేమీ కాదు.

సి.పి. బ్రౌను పండితులను కూర్చోబెట్టి, పలు ప్రతులు సరిపోల్పించి మన కావ్యాలను నిలబెట్టాడు. మన ఊళ్ళలోని పాత మెకానిక్కుల చేతివేళ్ళలో ఉన్న విద్యకు అటువంటి ప్రతి ఒక్కటీ లేదు. వారితోనే అది పోతుంది. మీ ఇంట పాత బండి ఉంటే, ఇరుసు విప్పిన నాడు ఆ మేస్త్రీ పక్కనే కూర్చోండి. పళ్ళ సంఖ్య, జత సంఖ్య, బేరింగు సంఖ్య, షిమ్ముల మందం ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకోండి. తరువాత విప్పేవానికి అదే మూలప్రతి.

స్వస్తి.