గుద్ది పారిపోయినవాడికే లాభమా?

పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామునే సైకిలెక్కే రైతు, కూరగాయల గంపతో ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డ మహిళ, రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు వేయడానికి నడిచిపోయే కౌలు రైతు. మన పొలాల మధ్య నుంచే పెద్ద రోడ్లు వేశారు. వాటిని దాటకుండా మనకు వ్యవసాయం సాగదు. ఆ రోడ్డు మీద మనిషిని గుద్దిన బండి ఆగకుండా పోతే చట్టం ఏం చేస్తుంది? కాగితం మీద చాలా చేస్తుంది. ఆచరణలో పారిపోయినవాడికే మేలు చేస్తుంది.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చూడండి. ప్రమాదం చేసిన డ్రైవరు దెబ్బలు తగిలినవారికి వైద్యం అందేలా చూడాలి. వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు పోలీసు స్టేషనుకు వెళ్లి సంగతి చెప్పాలి. బీమా కంపెనీకి కూడా తెలియజేయాలి. ఇవేవీ చేయకపోతే 187వ సెక్షన్ కింద మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాడిగేదెను కొనాలంటే ఇలాంటి 5 వేలు ఎన్ని పెట్టాలో మనకు తెలుసు. రోడ్డు మీద మనిషిని వదిలేసి పోయిన నేరం జరిమానాతో తీరిపోయే వీలుంది.

నిర్లక్ష్యంగా ప్రాణం తీసిన నేరానికి పాత శిక్షాస్మృతి 304ఎ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. భారతీయ న్యాయ సంహిత 106(1) దాన్ని ఐదేళ్లకు పెంచింది. అలా ప్రాణం తీసి, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలని 106(2) రాసింది. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. కేంద్రం వెనక్కి తగ్గింది. ఆ ఏడాది జూలై 1న న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఈ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు.

డ్రైవర్ల మీద మనకు పగ లేదు. వాళ్లూ మనలాగే రెక్కల కష్టం మీద బతికేవాళ్లు. మన ధాన్యం, మన మిర్చి మార్కెట్టుకు చేరేది వాళ్ల చేతుల మీదుగానే. ఆగితే జనం కొట్టి చంపుతారన్న వాళ్ల భయం ఉత్తది కాదు. కానీ 134వ సెక్షన్ ఆ భయాన్ని ముందే లెక్కలోకి తీసుకుంది. జనం ఆగ్రహం వల్ల వైద్యం అందించడం సాధ్యం కాకపోతే తప్పు పట్టబోమని స్పష్టంగా రాసింది. 106(2) కూడా అక్కడే నిలబడి దెబ్బలు తినమనలేదు, పోలీసులకు చెప్పమంది. ముందున్న స్టేషనులో ఆగి చెప్పడం ఏ డ్రైవరుకైనా సాధ్యమే. ఆ ఒక్క మాట అందితే అంబులెన్సు వస్తుంది, ప్రాణం నిలిచే వీలుంటుంది. డ్రైవర్ల భయం తీరేలా నిబంధనలు రాయడం ప్రభుత్వం పని. అది చేయకుండా సెక్షన్‌ను అటకెక్కించి చేతులు దులుపుకుంది.

ఇక పరిహారం సంగతి. బండి దొరికితే కుటుంబం ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అక్కడ చనిపోయినవారి వయసు, సంపాదన, ఆధారపడినవారి సంఖ్య చూసి లక్షల్లో లెక్క కడతారు. బండి దొరక్కపోతే? 161వ సెక్షన్ కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అంతే. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే. ఈ డబ్బు కూడా ప్రత్యేక నిధి నుంచి వస్తుంది తప్ప పారిపోయినవాడి జేబు నుంచి రాదు. అంటే దొరక్కుండా పోయినవాడికి శిక్షా లేదు, ఖర్చూ లేదు. దిక్కు కోల్పోయిన కుటుంబానికి మాత్రం పరిహారం తెగ్గోసుకుపోతుంది.

ఆ కొద్దిపాటి సొమ్మైనా అందుతోందా? కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే గుద్ది పారిపోయిన ప్రమాదాలు 67,387. వాటిలో పోయిన ప్రాణాలు 30,486. పార్లమెంటుకు ఇచ్చిన జవాబు ప్రకారం ఐదేళ్లలో పరిహారం అందింది 660 మరణాలకు, 113 గాయాల కేసులకు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఈ అంకెలనే ముందు పెట్టుకుంది. నెలలోగా బండి ఆచూకీ తేలకపోతే ఈ పథకం గురించి, దరఖాస్తు తీసుకునే అధికారి వివరాల గురించి పోలీసులే బాధితులకు లిఖితపూర్వకంగా తెలపాలని ఆదేశించింది. పరిహారం పెంచే విషయం ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. మన ఊళ్లలో ఎన్ని కుటుంబాలకు అలాంటి కాగితం అందిందో గ్రామ కమిటీలు వాకబు చేయాలి.

దారి ఇది. ముందు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించి నకలు తీసుకోండి. ఆసుపత్రి కాగితాలు, పోస్టుమార్టం నివేదిక, గుర్తింపు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లతో విచారణాధికారికి, అంటే ఆర్డీఓ లేదా తహసీల్దారు స్థాయి అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. ఆయన నెలలోగా నివేదిక పంపాలి, కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి. తిప్పుతుంటే కుటుంబాన్ని ఒంటరిగా పంపకండి, కమిటీగా వెంట వెళ్లండి. దెబ్బలు తిన్నవారిని ఆసుపత్రికి చేర్చడానికి జంకకండి. అలా చేర్చినవారిపై కేసు ఉండదని 134ఎ సెక్షన్ హామీ ఇస్తోంది.

మనలో మనం అనుకోవాల్సిన మాట కూడా ఒకటుంది. గుద్దింది మన ట్రాక్టరైనా ఇదే ధర్మం. వెనక లైటు లేని ట్రాలీ, బీమా లేని బండి, లైసెన్సు లేని కుర్రాడు, గుద్దగానే చీకట్లోకి పరుగు. ఇవి మన ఊళ్లలోనూ ఉన్నాయి. అవతల పడి ఉన్నదీ కూలీ బిడ్డే. మనం పాటించని న్యాయాన్ని ప్రభుత్వాన్ని అడిగే హక్కు మనకుండదు.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. దగ్గరి స్టేషనులో గానీ 112కు గానీ వెంటనే చెప్పిన డ్రైవరుకు రక్షణ కల్పిస్తూ 106(2)ను అమలు చేయాలి.

2. 161వ సెక్షన్ పరిహారాన్ని కనీసం 10 లక్షలకు పెంచి, ధరల పెరుగుదలకు ముడిపెట్టాలి.

3. బండి దొరకని ప్రతి కేసులో పోలీసులు, రెవెన్యూ అధికారులే దరఖాస్తు పెట్టించాలి. ఆలస్యం చేసిన అధికారిని బాధ్యుణ్ని చేయాలి.

4. ఊళ్ల దగ్గర పెద్ద రోడ్ల మీద దీపాలు, కెమెరాలు, ట్రాక్టర్లూ పశువులూ దాటడానికి అండర్‌పాసులు కట్టాలి.

ఈ నెల ప్రతి గ్రామ కమిటీ గత ఐదేళ్లలో ఇలా పోయిన, దెబ్బతిన్న తమ ఊరివారి జాబితా రాయాలి. ఎఫ్‌ఐఆర్ ఉందా, దరఖాస్తు పెట్టారా, డబ్బు అందిందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చేర్చి మండల కమిటీకి పంపాలి. ఆ జాబితాలతోనే కలెక్టరేటుకు వెళదాం.